చలికాలంలో చర్మం పొడిబారకుండా: సబ్బు నుంచి మడమల దాకా

మోకాలి కింద, కాలి ముందువైపు గోరుతో మెల్లగా ఒక గీత గీయండి. ఆ గీత తెల్లగా నిలిచిపోతే మీ చర్మం పొడిబారడం మొదలైనట్టే. తర్వాత వరసగా వచ్చేవి అందరికీ తెలిసినవే. సాయంత్రం కాళ్ళ దురద, నల్లరంగు ప్యాంటు విప్పితే లోపల తెల్లటి పొడి, పెదాల మీద లేచిన తోలు, మడమల్లో చీలికలు. ఈ దశలో మనం చేసే మొదటి పని షాపుకెళ్ళి ఒక కొత్త లోషన్ కొనడం. నన్నడిగితే అది ఆఖరి పని. ముందు సరిచేయాల్సింది స్నానం. ఎంత వేడినీళ్ళు, ఏ సబ్బు, ఎంతసేపు, ఒళ్ళు తుడుచుకున్నాక ఎంత వ్యవధిలో ఏం రాస్తున్నారు అన్నవి సరిగ్గా ఉంటే, చాలామందికి చవకరకం డబ్బాలతోనే చలికాలం గడిచిపోతుంది.

మన దగ్గర ఈ బాధ దాదాపు కార్తీక మాసంతో మొదలవుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలంటారు కదా, అప్పటిదాకా ఉంటుంది. కింద చెప్పేవన్నీ చర్మం పగిలాక కాకుండా, దీపావళి దాటగానే మొదలుపెడితే సగం శ్రమ తగ్గుతుంది.

అసలు జరిగేదేమిటి

చర్మం పైపొర చాలా పలుచన. చనిపోయిన కణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి సందుల్లో సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు ఉంటుంది. లోపలి నీరు ఆవిరై పోకుండా ఆపేది ఆ జిడ్డే. ఈ పైపొరలో కనీసం పది శాతమైనా నీరుంటేనే అది మెత్తగా సాగుతుంది. అంతకంటే తగ్గితే పెళుసుబారి, పొట్టు లేచి, చీలుతుంది.

చలికాలం గాలి ఆ నీటిని లాగేస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీల దగ్గర సుమారు 9 గ్రాములే మోయగలదు. ఆదిలాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో తెల్లవారుజామున చల్లబడిన గాలిలో ఉండే తేమే తక్కువ. మధ్యాహ్నానికి అదే గాలి 28 డిగ్రీలకి వేడెక్కుతుంది, కొత్తగా తేమ మాత్రం కలవదు. ఇక అది దొరికిన చోటల్లా నీటిని పీల్చుకుంటుంది, మన చర్మంతో సహా. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కన ఉంది కాబట్టి ఇబ్బంది కొంచెం తక్కువ. సంక్రాంతికి కోస్తాకి వెళ్ళిన హైదరాబాద్ వాళ్ళు నాలుగు రోజుల్లో చర్మం బాగుపడిందని సంబరపడతారు, అది ఊరి నీళ్ళ మహిమ అనుకుంటారు. గాలి మహిమ.

గాలిని మనం మార్చలేం. సందుల్లో ఉన్న జిడ్డుని మాత్రం కాపాడుకోవచ్చు. దాన్ని ఎక్కువగా పోగొట్టేవి రెండే: మరీ వేడినీళ్ళు, సబ్బు.

1. నీళ్ళ వేడి తగ్గించండి

చలికి పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే హాయిగానే ఉంటుంది. ఆ హాయి ఖరీదు పది నిమిషాల తర్వాత తెలుస్తుంది, ఒళ్ళంతా బిగుసుకున్నట్టు, చిరచిరలాడినట్టు. స్నానం నీళ్ళు ఒంటి వేడికి దగ్గరగా ఉంటే చాలు. మోచేతి మీద పోసుకుంటే కాలినట్టు అనిపించకూడదు. అదే కొలత.

బకెట్‌లో ముందు చన్నీళ్ళు పట్టి తర్వాత గీజర్ నీళ్ళు కలపండి. వేడి అదుపులో ఉంటుంది, పిల్లలు చెయ్యి పెట్టినా కాలదు. చెంబు స్నానం చేసేవాళ్ళకి ఒకటిన్నర బకెట్ అయిపోగానే స్నానమూ అయిపోతుంది. షవర్ కింద నిలబడే వాళ్ళే పావుగంట గడిపేస్తారు. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. రోజుకి ఒకసారి చాలు.

బకెట్ నీళ్ళలో రెండు మూతల యాంటిసెప్టిక్ ద్రవం కలిపే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి దాని అవసరం లేదు. పగిలిన చర్మానికైతే అది మంట. ఈ చలికాలానికి ఆ సీసాని పక్కన పెట్టేయండి.

2. సబ్బు ఒంటికంతా వద్దు

మన చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షార గుణం. మురికితో పాటు సందుల్లోని జిడ్డునీ పట్టుకుపోతుంది. చలికాలంలో రోజూ సబ్బు అవసరమైన చోట్లు చంకలు, గజ్జలు, పాదాలు. చేతులు, కాళ్ళు, వీపు, పొట్ట నీళ్ళతోనే శుభ్రపడతాయి. పొలం పనో, వర్క్‌షాప్ పనో చేసి గ్రీజు, మట్టి పట్టినవాళ్ళ సంగతి వేరు. ఆఫీసులో కూర్చుని వచ్చినవాళ్ళకి ఒంటిమీద అంత మురికేముంటుంది?

సబ్బు రేపర్ మీద టీఎఫ్ఎమ్ (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) అని ఒక శాతం ఉంటుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటే గ్రేడ్ 1, కనీసం 70 ఉంటే గ్రేడ్ 2, కనీసం 60 ఉంటే గ్రేడ్ 3. శాతం పెరిగేకొద్దీ సబ్బు గరుకుదనం తగ్గుతుంది. అయితే గ్రేడ్ 1 సబ్బు కూడా సబ్బే, దాని క్షార గుణం ఎక్కడికీ పోదు. నిజంగా మృదువైనది కావాలంటే సిండెట్ బార్ చూడండి. సబ్బుకి వాడే నూనె లవణాలకి బదులు వేరే శుభ్రపరిచే పదార్థంతో చేస్తారు, పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. గుర్తుపట్టడం తేలికే. వెనక పదార్థాల జాబితాలో మొదట సోడియం పామేట్ లాంటి పేరుంటే అది సబ్బు. సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే సిండెట్. రేపర్ మీద ‘బేతింగ్ బార్’ అన్న మాట చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. నాసిరకం బార్ల మీదా అదే మాట ఉంటుంది, మంచి సిండెట్ల మీదా అదే మాట ఉంటుంది.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెట్టులా చర్మం మీద ఉండిపోతుంది. అదీ దురద పెడుతుంది. అలాంటిచోట సబ్బు తగ్గించి, ఆఖరున రెండు చెంబులు ఎక్కువ పోసుకోవాలి. సిండెట్‌కి ఈ తెట్టు బాధ తక్కువ.

పీచుతో, ప్లాస్టిక్ స్క్రబ్బర్‌తో రుద్దడం ఈ చలికాలమంతా మానేయండి. పొట్టు లేస్తోందని రుద్దితే ఇంకా లేస్తుంది.

3. నూనె స్నానం మంచిదే, వరస మార్చండి

అభ్యంగన స్నానాన్ని నేను కాదనను. నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, కుంకుడుకాయ పులుసుతో తలంటు పోసుకుంటే ఆ రోజంతా ఒళ్ళు తేలికగా ఉంటుంది. కానీ చర్మానికి నూనె దక్కాలన్నది మన లెక్క అయితే ఒక సందేహం రావాలి. నూనె పెట్టిందీ మనమే, సున్నిపిండితో రుద్ది తీసేసిందీ మనమే. చివరికి చర్మం మీద మిగిలిందెంత?

పొడి చర్మం ఉన్నవాళ్ళు రెండు మార్పులు చేసుకోవాలి. సున్నిపిండిని పొడిగా రుద్దకుండా నీళ్ళలోనో పాలలోనో పల్చగా కలిపి, అరచేత్తో మెల్లగా రాసి కడిగేయండి. కాళ్ళమీద, చేతులమీద కొంచెం జిడ్డు మిగిలితే మిగలనివ్వండి, దాని మీద మళ్ళీ సబ్బు పెట్టొద్దు. రెండోది, స్నానం అయ్యాక తడి ఒంటిమీద మళ్ళీ కొద్దిగా నూనె రాయండి. అసలు లాభం ఈ రెండోసారి రాసిన నూనెది. నూనె కాళ్ళతో బాత్రూమ్‌లో జారిపడే ప్రమాదం ఉంది కాబట్టి పెద్దవాళ్ళు బయటికొచ్చి, మంచం మీద కూర్చుని రాసుకోవాలి.

4. మూడు నిమిషాల్లో రాయండి

ఇక్కడే చాలామంది తప్పిపోతారు. స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరబెట్టుకుని, బట్టలేసుకుని, టిఫిన్ తిని, బయల్దేరే ముందు గుర్తొచ్చి లోషన్ రాస్తారు. అప్పటికి చర్మంలోకి చేరిన నీరు ఎగిరిపోయి ఉంటుంది. మాయిశ్చరైజర్ ముఖ్యమైన పని ఉన్న నీటిని లోపల ఆపి ఉంచడం. అసలు నీరే లేనప్పుడు ఆపేదేముంది?

తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే సుమారు మూడు నిమిషాల లోపు, రాసేయండి. దీనికోసం డబ్బాని డ్రెస్సింగ్ టేబుల్ మీద కాకుండా బాత్రూమ్ తలుపు పక్కనే పెట్టుకోండి. చూడ్డానికి చిన్న విషయం, కానీ అలవాటు నిలబడేది దీనివల్లే.

5. ఏది రాయాలి

షాపులో వందరకాలు కనిపించినా లోపలి సరుకు మూడు రకాలు.

నీటిని పట్టుకునేవి ఒక రకం: గ్లిజరిన్, యూరియా, హైలురానిక్ యాసిడ్. గరుకుదనాన్ని నింపి నున్నగా చేసేవి రెండో రకం: రకరకాల నూనెలు, సెరమైడ్లు. మూత వేసినట్టు నీటిని ఆపేవి మూడో రకం: పెట్రోలియం జెల్లీ, పారఫిన్, మైనం. మంచి క్రీములో మూడూ ఉంటాయి. పల్చటి లోషన్లో నీరు ఎక్కువ, మూత తక్కువ. వేసవికి లోషన్ సరిపోతుంది, చలికాలానికి క్రీము కావాలి, బాగా పగిలిన చోట ఆయింట్‌మెంట్ కావాలి. బాటిల్ తలకిందులు చేస్తే కారేది లోషన్, వేలితో తీయాల్సింది క్రీము, అంతకన్నా జిడ్డుగా, నీళ్ళే లేకుండా ఉండేది ఆయింట్‌మెంట్.

మనందరం వ్యాజిలిన్ అని పిలిచే మామూలు పెట్రోలియం జెల్లీ, మూత పనిలో దాదాపు అన్నిటికన్నా మిన్న. చవక, వాసన లేనిది దొరుకుతుంది, ఎలర్జీ చాలా అరుదు. దాని లోపం జిడ్డు ఒక్కటే. చెమ్మ ఒంటిమీద చాలా పల్చగా, రెండు చేతుల మధ్య రుద్ది వేడిచేసి రాస్తే ఆ జిడ్డు కూడా పావుగంటలో సర్దుకుంటుంది. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం దీని బదులు తేలికపాటి క్రీము వాడండి.

గ్లిజరిన్ సీసా మెడికల్ షాపులో తక్కువ ధరకే వస్తుంది. దాన్ని చిక్కగా అలాగే రాయకూడదు. గాలిలో తేమ లేనప్పుడు అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది. ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు మూడు వంతుల నీళ్ళో పన్నీరో (రోజ్‌వాటర్) కలిపి రాసి, దాని మీద కొద్దిగా నూనె గానీ జెల్లీ గానీ పూయండి. కలిపింది రెండు మూడు రోజుల్లో వాడేయాలి, నిలవ ఉంటే పాడవుతుంది.

నూనెల్లో కొబ్బరినూనె నమ్మదగ్గది. మామూలు పొడిచర్మానికి బాగానే పనిచేస్తుంది. దాదాపు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి చలికాలం పొద్దున్నే సీసాలోంచి రాదు. స్టవ్ మీద పెట్టకండి, స్నానం వేడినీళ్ళ మగ్గులో సీసాని రెండు నిమిషాలు ఉంచితే కరుగుతుంది. లేదా వెడల్పు మూతి డబ్బాలో పోసుకుంటే వేలితో తీసుకోవచ్చు. పొద్దుతిరుగుడు నూనె కూడా చర్మానికి మంచిదే, ముఖ్యంగా పసిపిల్లలకి. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం చర్మపు పైపొరని బలహీనపరుస్తాయని పరిశోధనల్లో తేలింది. ఖరీదైన ఆలివ్ నూనె సీసా ఉంటే సలాడ్‌లో వేసుకోండి.

కలబంద గుజ్జు చల్లగా హాయిగా ఉంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం నీరే. దాని మీద ఏదో ఒకటి రాయకపోతే అరగంటలో పరిస్థితి మొదటికొస్తుంది. మీగడ రాసుకుని కడుక్కోవడం వల్ల నష్టం లేదు. పొడి చర్మానికి నిమ్మరసం, శనగపిండి పనికిరావు. ముఖానికి పౌడర్ కొట్టుకునే అలవాటున్నవాళ్ళు చలికాలంలో మానుకోవడం మేలు, ఆ పౌడర్ ఉన్న కాస్త తేమనీ పీల్చుకుంటుంది.

కొనేముందు చూడాల్సింది ఒకటే, సువాసన. పగిలిన చర్మానికి అత్తర్లు పడవు. వాసన లేని రకం తీసుకోండి, కొత్తదైతే మోచేతి మడతలో రెండు రోజులు రాసి చూడండి.

6. ఎంత రాయాలి

చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము. అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ఆ లెక్కన ఒక్కో చేతికి, అరచేతితో కలిపి, నాలుగు వేలి కొసలు. ఒక్కో కాలికి, పాదంతో కలిపి, ఎనిమిది. చేతులకీ కాళ్ళకీ కలిపి ఒకసారికి 12 గ్రాములు. అంటే వంద గ్రాముల ట్యూబ్ ఎనిమిదిసార్లకి అయిపోతుంది. చలికాలమంతా ఒక ట్యూబ్ వచ్చిందంటే మీరు రాయాల్సినంత రాయలేదని అర్థం. అందుకే ఎనిమిది వందల రూపాయల క్రీముని పొదుపుగా చుక్కలు చుక్కలుగా రాసేకంటే చవకదాన్ని ధారాళంగా రాయమంటాను.

స్నానం తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. రాత్రి స్నానం ఉండదు కాబట్టి తడి గుడ్డతో కాళ్ళు చేతులు ఒత్తి రాసుకోవచ్చు. రాసేటప్పుడు వెంట్రుకలు వాలిన వైపే కిందికి రాయండి, ఎదురు రుద్దితే వెంట్రుక మొదళ్ళలో చిన్న కురుపులు లేస్తాయి.

మడమల పగుళ్ళు

వీటికి పై పద్ధతి ఒక్కటే చాలదు. మడమ తోలు మందం. చెప్పుల్లేకుండా నడిచినా, వెనక పట్టీ లేని చెప్పులేసుకున్నా మడమ కొవ్వు పక్కలకి ఒత్తుకుని ఎండిన తోలు చీలుతుంది. రెండు వారాలు వరసగా, ప్రతి రాత్రి ఇలా చేయండి.

గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. నీళ్ళలో ఏమీ కలపక్కర్లేదు. నానిన తోలుని ప్యూమిస్ రాయితో ఒకే వైపుకి, మెల్లగా, వారానికి రెండు మూడుసార్లు మాత్రమే రుద్దండి. బ్లేడుతో, కత్తెరతో చెక్కకండి. తుడిచి, వేళ్ళ సందులు పొడిగా చేసి, మడమలకి యూరియా 20 నుంచి 25 శాతం ఉన్న క్రీము రాయండి. యూరియా నీటిని పట్టుకోవడంతో పాటు మందమైన తోలుని మెత్తబరుస్తుంది. దానిమీద పెట్రోలియం జెల్లీ పూసి, నూలు సాక్సులు వేసుకుని పడుకోండి. నెత్తురు కనిపించే చీలిక ఉంటే యూరియా మండుతుంది. అది మానేదాకా జెల్లీ ఒక్కటే రాయండి. పగలు మడమ మూసి ఉండే చెప్పులో బూట్లో వేసుకుంటే త్వరగా మానుతుంది. ఇంట్లో గచ్చు మీద నడవడానికి కూడా చెప్పులుంచుకోండి, మార్బుల్ గచ్చు చలికాలంలో మడమలకి శత్రువే.

కొవ్వొత్తి మైనం నూనెలో కరిగించి మడమలకి పెట్టే చిట్కా పాతదే. మైనం మూతలా పనిచేస్తుంది కాబట్టి దానిలో కొంత నిజముంది. కానీ వేడిగా పోసుకుని కాల్చుకునేవాళ్ళున్నారు. జెల్లీ అదే పని కాలకుండా చేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళకి వేరే నియమం. నానబెట్టడం, రాయితో రుద్దడం సొంతంగా చేయొద్దు. స్పర్శ తగ్గిన పాదానికి నీళ్ళ వేడి తెలియదు, గీరుకున్నదీ తెలియదు. రోజూ పాదాలు వెలుతురులో చూసుకోవాలి, కిందివైపు కనపడకపోతే అద్దం పెట్టుకోవాలి. చీలిక లోతుగా ఉన్నా, చుట్టూ ఎర్రబడినా, చీము కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

దాళ్వా (యాసంగి వరి) నాట్ల రోజుల్లో నీళ్ళలో నిలబడేవాళ్ళ పాదాలు రోజంతా నాని, సాయంత్రం గాలికి ఆరి పగులుతాయి. పొలానికి బయల్దేరే ముందు పాదాలకి జెల్లీ పట్టించి, తిరిగొచ్చాక కడిగి, తుడిచి మళ్ళీ రాయడం వాళ్ళకి తప్పనిసరి.

దీక్షలో ఉన్న స్వాములు

అయ్యప్ప మాల వేసే రోజులు సరిగ్గా ఈ చలి రోజులే. 41 రోజులు రెండు పూటలా చన్నీటి స్నానం, కాళ్ళకి చెప్పుల్లేవు, నేలమీద పడక. చన్నీళ్ళు చర్మానికి వేడినీళ్ళంత చెరుపు చేయవు కాబట్టి ఆ భయం లేదు. ఇబ్బంది రెండు స్నానాలకీ సబ్బు వాడటంతో వస్తుంది. ఒక పూట నీళ్ళతోనే కానివ్వండి. ఒంటికి ఏం రాసుకోవచ్చన్నది మీ గురుస్వామిని అడిగి తెలుసుకోండి. పాదాలు మాత్రం రాత్రి కడిగి, తుడిచి, జెల్లీ రాసి, మెత్తని పాత నూలు గుడ్డ చుట్టుకుని పడుకుంటే మడమలు నిలబడతాయి. షుగర్ ఉన్నవాళ్ళు మాల వేసుకునే ముందే చెప్పుల్లేకుండా నడవడం గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. నొప్పి తెలియని పాదంలో దిగిన ముల్లు పుండయ్యేదాకా బయటపడదు.

చేతులు, పెదాలు

గిన్నెలు తోమేవాళ్ళ చేతులు ముందు పాడవుతాయి. డిష్‌వాష్, బట్టల సబ్బు, పదేపదే తడి, మళ్ళీ ఆరడం. గ్లవ్స్ వేసుకోండి, లోపల పల్చటి నూలు గ్లవ్స్ ఉంటే ఇంకా మంచిది, రబ్బరు లోపల చెమట పట్టినా చర్మం చెడుతుంది. పని అయిన ప్రతిసారీ చేతులకి క్రీము. ఇంట్లో పనిచేసే ఆమెకి కూడా ఒక జత గ్లవ్స్, ఒక డబ్బా కొనివ్వండి, మనింటి గిన్నెలతోనే కదా ఆమె చేతులు పగిలేది.

పెదాలకి నూనె గ్రంథులు లేవు. ఎండాయని నాలుకతో తడిపితే ఆ తడి ఆరుతూ ఉన్న నీటినీ తీసుకుపోతుంది. లేచిన తోలు పీకొద్దు. జెల్లీ రాస్తూ ఉంటే అదే ఊడుతుంది. నెయ్యీ పనిచేస్తుంది, వెన్నా పనిచేస్తుంది. చల్లగా జివ్వుమనిపించే కర్పూరం, మెంథాల్ లిప్‌బామ్‌లు పగుళ్ళని ఇంకా రేపుతాయి. పెదాల మూలల్లో మాత్రమే పుండ్లు పడి మానకపోతే అది ఫంగసో, విటమిన్ లోపమో కావచ్చు, చూపించుకోండి.

పసివాళ్ళు, పెద్దవాళ్ళు

పసిపిల్లలకి శనగపిండితో నలుగు పెట్టి వెంట్రుకలు ఊడగొట్టాలని చూడటం ఈ కాలంలోనైనా ఆపండి. మెల్లగా కొబ్బరినూనె రాసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, తుడిచాక మళ్ళీ కొద్దిగా రాస్తే చాలు. పౌడర్ వద్దు. సాంబ్రాణి పొగ ఊపిరికి మంచిది కాదు, బామ్మగారికి నచ్చజెప్పడం మీ నేర్పు. బుగ్గలు, మోచేతి మడతలు, మోకాలి వెనక ఎర్రబడి పిల్లాడు రాత్రంతా గోక్కుంటుంటే అది ఎగ్జిమా కావచ్చు. దానికి సెరమైడ్లున్న ఖరీదైన క్రీము కొన్నా తప్పులేదు, డాక్టర్ని చూపించడం అంతకంటే ముఖ్యం.

అరవై దాటినవాళ్ళకి చర్మంలో నూనె ఊరడం బాగా తగ్గిపోతుంది. కాళ్ళ ముందువైపు బీటలు వారినట్టు గళ్ళు పడి, ఎర్రబడి, దురద నిద్రపోనివ్వదు. వాళ్ళకి రోజు విడిచి రోజు స్నానం, మిగతా రోజు ఒళ్ళు తుడుచుకోవడం సరిపోతుంది. ఉన్ని స్వెటర్ నేరుగా ఒంటికి తగలకుండా లోపల నూలు బనియన్ వేయండి. దోమల కోసం ఫ్యాన్ వేసుకుని పడుకునే ఇళ్ళలో దోమతెర కట్టుకోవడం మేలు, రాత్రంతా తగిలే గాలి చర్మాన్ని ఎండగడుతుంది.

చలి కాచుకోవడం గురించి ఒక మాట. నెగడుకో కుంపటికో రోజూ దగ్గరగా కాళ్ళు పెట్టి కూర్చుంటే చర్మం ఎండిపోవడమే కాకుండా వలలాంటి గోధుమరంగు మచ్చలు పడతాయి, అవి పోవడానికి నెలలు పడుతుంది. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. పారఫిన్, పెట్రోలియం జెల్లీ ఇంకిన బట్టలకి, దుప్పట్లకి నిప్పంటుకుంటే మామూలు బట్టకంటే వేగంగా మండుతాయి. భోగి మంట దగ్గరికి వెళ్ళే ముందు బట్టలు మార్చుకోండి, జిడ్డు పట్టిన దుప్పట్లు తరచూ ఉతకండి.

నీళ్ళు ఎక్కువ తాగితే చర్మం తడిగా ఉంటుందనే మాట సగమే నిజం. దాహానికి తగ్గట్టు తాగాలి, చలికాలంలో అదీ మర్చిపోతాం. అంతకుమించి తాగిన నీరు మూత్రంలోకే పోతుంది.

అమెరికా, కెనడా వెళ్ళినవాళ్ళకి

అక్కడ హీటర్ పెట్టిన ఇంట్లో గాలి తేమ 30 శాతం కంటే కిందికి పడిపోవడం మామూలే. పది డాలర్ల తేమ మీటర్ ఒకటి కొని పడకగదిలో పెట్టండి. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫైయర్‌తో 40 శాతం దగ్గర ఉంచితే చాలు. 50 దాటిస్తే కిటికీల దగ్గర నీరు పట్టి బూజు వస్తుంది. హ్యూమిడిఫైయర్‌ని తరచూ కడగాలి. ఇక్కడినుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు తమ కొబ్బరినూనె ఒక్కటే నమ్ముకుంటారు, అక్కడి చలికి అది చాలదు. మందపాటి క్రీము పెద్ద డబ్బా అక్కడే కొనివ్వండి.

ఇది పొడిచర్మమేనా?

రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే అది గజ్జి. గుండ్రంగా అంచులు ఎర్రగా లేచి, మధ్యలో మానినట్టు కనిపిస్తే తామర. మోచేతులు, మోకాళ్ళ మీద వెండిరంగు పొలుసులు మందంగా ఉంటే సోరియాసిస్ కావచ్చు. చిన్నప్పటినుంచీ ప్రతి చలికాలం కాళ్ళమీద చేప పొలుసుల్లా వచ్చేది వంశపారంపర్యంగా వచ్చే ఇక్తియోసిస్ కావచ్చు, దానికి ఏడాది పొడవునా క్రీము రాసుకోవాల్సిందే. మచ్చలేమీ లేకుండా ఒళ్ళంతా దురద ఉంటే థైరాయిడ్, కిడ్నీ, లివర్, షుగర్, రక్తహీనత పరీక్షలు అవసరపడొచ్చు.

మెడికల్ షాపులో దురద క్రీము అడిగితే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. రెండు రోజుల్లో దురద పోతుంది, అందుకే జనం మళ్ళీ అదే కొంటారు. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి చారలు పడతాయి, తామర మీద రాస్తే అది రూపం మార్చుకుని ఒళ్ళంతా పాకుతుంది. ట్యూబు మీద ఎర్రగీత ఉంటే అది డాక్టర్ చీటీతోనే కొనాల్సిన మందు.

పై పద్ధతి రెండు మూడు వారాలు సరిగ్గా పాటించినా తగ్గకపోయినా, చర్మం తడితడిగా రసి కారుతున్నా, జ్వరం వచ్చినా, దురదకి నిద్ర పట్టకపోయినా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళే రోజు పొద్దున ఏమీ రాయకండి, ఉన్నది ఉన్నట్టు కనపడాలి. ఇన్నాళ్ళూ వాడిన సబ్బు రేపరు, క్రీముల ట్యూబులు, బీపీకో కొలెస్ట్రాల్‌కో వేసుకుంటున్న మాత్రల చీటీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు కూడా కొందరిలో చర్మాన్ని పొడిబారుస్తాయి. వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టర్ చూసి మార్చాలో వద్దో చెబుతారు.